ఎకో నర్సయ్య ఆఖరి ప్రకటన

నాచారంలో నర్సయ్య గొంతు ఎంత పెద్దదంటే, ఆయన తన ఇంట్లో కూర్చుని ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు కూడా ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చేవాళ్లు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఇనుప డ్రమ్ములు చేసే కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రెస్సు మిషను పక్కన నిలబడ్డ మనిషి. మిషను 'ధన్' మని పడేలోపు మాట చెప్పెయ్యాలి, పడ్డాక అదే మాట మళ్లీ చెప్పాలి. ఇంటికొచ్చినా ఆ మిషను పక్కనే ఉన్నట్టు మాట్లాడేవాడు.

ఆ గొంతు చూసే సంఘం పెద్దలు ఆయనకు ఆదివారం ప్రకటనలు చదివే పని ఇచ్చారు. ఆరాధన ముగిశాక, జనం ఒక కన్ను చెప్పుల మీద వేసి కూర్చున్న వేళ, ఈ వారం ప్రార్థన ఎవరింట్లో, యువకుల కూడిక ఎప్పుడు, ఎవరి పిల్లకు పేరు పెడుతున్నారు అని చదవడం. ఆరేళ్లుగా ఆ మైకు నర్సయ్యదే. కంపెనీలో సూపర్‌వైజరుకు భయపడతాడు, ఇంట్లో భార్య రూతుకు భయపడతాడు. ఆ అయిదు నిమిషాలు మాత్రం సూపర్‌వైజరూ ఉండడు, రూతేమో నోరు మూసుకుని కింద చాప మీద ఉంటుంది. అంతటి సుఖం ఆయనకు వారంలో ఇంకెక్కడా లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకనాడు కోఠీకి పోయి ఎకో మిషను కొనుక్కొచ్చాడు.

చపాతీల డబ్బా అంత పెట్టె. ముందు భాగాన గుండ్రటి బిళ్ల. బిళ్లను ఎడమకు తిప్పితే మాట ఒకసారి వినిపిస్తుంది, కుడికి తిప్పితే నాలుగుసార్లు. నర్సయ్య దాన్ని కుడికి తిప్పి, మళ్లీ కదలకుండా టేపు చుట్టేశాడు.

"ఒక్కసారి చెప్తే సమజ్ కానిది నాలుగుసార్లు చెప్తే కాదా?" అన్నది ఆయన వాదన.

వాదనలో చిన్న లోపం ఉంది. ఆ నాలుగూ ఒకదాని మీద ఒకటి పడేవి. 'బుధవారం' తోక ఇంకా మందిరంలో తిరుగుతుండగానే 'సాయంత్రం' వచ్చి దాని మీద కూర్చునేది. ఆ రెంటి నెత్తిన 'ఏడు గంటలకు' ఎక్కేది. మూడూ కలిసి సీలింగు ఫాను దగ్గర ఒక సుడి తిరిగి జనం మీద ఉరుములా పడేవి. జనం తలలు వంచుకునేవారు. అది భక్తి అని నర్సయ్య అనుకునేవాడు.

మందిరం పైన వీధి వైపు తిప్పిన పాత హారను ఒకటుంది. దాని మైకు వేరు, దాని పెట్టె వేరు. ఆ వైరు ఎకో మిషనులో పట్టలేదు కాబట్టి వీధిలోకి మాట ఒక్కసారే పోయేది. "బయటోళ్లకు గింత సోకు ఎందుకులే" అని నర్సయ్య దాన్ని అలాగే వదిలేశాడు. జనం ఆయనకు 'ఎకో నర్సయ్య' అని పేరు పెట్టారు. బిరుదే అనుకుని ఆయన సంతోషించాడు.

ఒక ఆదివారం పాస్టరు భూషణం ఆయన్ని పక్కకు పిలిచాడు. అందరూ అయ్యగారూ అని పిలిచే ఆ భూషణానిది తెనాలి వైపు. చేదు మాటనైనా బెల్లంలో ముంచిగానీ ఇవ్వడు.

"నర్సయ్యగారూ, మీ గొంతు దేవుడిచ్చిన వరమండీ. కాకపోతే ప్రకటనలు అర్థం కావట్లేదని ఓ నలుగురు అంటున్నారు."

"ఏ నలుగురు అయ్యగారూ?"

"నాతో కలిపితే అయిదుగురండి."

మాట ఎటు పోతోందో నర్సయ్యకు అప్పుడు తెలిసింది. విజయ్ కుమార్ అనే కుర్రాడు ఆ మైకు అడుగుతున్నాడు. హబ్సిగూడలో కాల్ సెంటర్ ఉద్యోగం. అమెరికా వాళ్లకే అర్థమయ్యేలా చెప్తున్నవాణ్ణి, నాచారం వాళ్లకు చెప్పలేనా అంటున్నాడట.

"వచ్చే ఆదివారం అతను చదువుతాడు, ఆపై ఆదివారం మీరు చదవండి. అర్థమైనవాళ్లను చేతులెత్తమంటాను. ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే మైకు వాళ్లదండి," అని భూషణం తేల్చేశాడు.

విజయ్ కుమార్ ఆదివారం వచ్చింది. నర్సయ్య కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునేలోపు ప్రకటనలు అయిపోయాయి. అంత స్పీడు. చివర్న అలవాటు కొద్దీ అన్న 'థాంక్యూ, హావ్ ఎ నైస్ డే' ఒక్కటే అందరికీ అందింది. లేచిన చేతులు పదకొండు. అందులో రెండు వాళ్లమ్మవే.

నర్సయ్య నవ్వు ఆపుకోలేక బయటికొచ్చాడు. విజయ్ కుమార్ వెంటే వచ్చాడు.

"నవ్వు అన్నా, నవ్వు. గని ఒక్కటి చెప్పు. నువ్వు సదివిన వారం ఆరాధన కాంగనే అందరు చెప్పుల కాడ రూతక్క సుట్టు ఎందుకు మూగుతరు?"

"ఆడోళ్లు. చీరెల ముచ్చట పెట్టుకుంటరు."

"మొగోళ్లు గూడ మూగుతరు అన్నా."

నర్సయ్య చెప్పుల వైపు చూశాడు. ఆ వారం కూడా మూగే ఉన్నారు. నడుమ రూతు, ఆమె ఎదురుగా ఎనభై ఏళ్ల మల్లవ్వ. మల్లవ్వ చెవులు పనిచేయడం మానేసి పదేళ్లయింది. పక్కన ఆటో హారను కొట్టినా కదలదు.

రూతు ఉప్పల్లో ఒక దవాఖానాలో చీటీల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పేర్లు పిలవడం, ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం ఆమె పని. ఆమె అరవలేదు. మల్లవ్వ భుజం తట్టింది. ముసలామె తలెత్తి తన ముఖం చూసేదాకా ఆగింది.

"మల్లవ్వా, బుధవారం ప్రార్థన." మల్లవ్వ తలూపింది. "మా ఇంట్ల." మళ్లీ తలూపింది. "పొద్దుగూకినంక, ఏడింటికి. ఇగ నువ్వు చెప్పు, నేనేం చెప్పిన?"

"బుధారం. మీ ఇంట్ల. ఏడింటికి," అంది మల్లవ్వ. "చాయ్ ఉంటదా?"

"ఉంటది."

నర్సయ్య గుండెలో ప్రెస్సు మిషను పడింది. ఇంటికి పోయి, చెయ్యి కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాక అడిగాడు.

"గిన్నేండ్ల సంది నా ఎనక ఇంకో సంఘం నడుపుతున్నవా నువ్వు?"

"నేనేం నడుపుతలేను. నువ్వు సదువుతున్నవు, ఆళ్లు ఇంటున్నరు. ఏం సదివినవో నన్ను అడుగుతున్నరు."

"మరి నీకెట్ల సమజైతున్నది? నీయి ఏమన్న వేరే చెవులా?"

"శనివారం పొద్దటికెల్లి ఆ కాయిదం పట్టుకొని అద్దం ముంగట పదిసార్లు సదువుతవు. నేను ఒంట చేసుకుంట ఇంటనే ఉంట. ఇగ ఆదివారం నాకు కొత్తగ ఇనేదేముంది? నువ్వు నోరు తెరిస్తె సాలు, తక్కినదంత నేనే నింపుకుంట."

నర్సయ్య చేతిలోని ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అంటే, ముందే తెలిసినవాళ్లకు ఎకోలో కూడా అంతా స్పష్టంగా వినిపిస్తుందన్నమాట.

"ఏమైంది, ఉప్పు తక్కువైందా?" అంది రూతు.

"కాదు, మస్తుగున్నది," అన్నాడు నర్సయ్య. ఆయన కూరను మెచ్చుకుని అప్పటికి నాలుగేళ్లయింది కాబట్టి రూతుకు అక్కడే అనుమానం వచ్చింది.

బుధవారం నాటికి భూషణం కాగితం ఇచ్చాడు. ఈసారి ప్రకటన మామూలుది కాదు. ఆదివారం దాటాక వచ్చే శనివారం సంఘమంతా మెదక్ చర్చి చూడటానికి బస్సులో పోతోంది. పొద్దున ఏడు గంటలకు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు ఎక్కాలి. ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకోవాలి.

నర్సయ్య స్కూటరు తీశాడు. చిల్కానగర్, లాలాపేట్, మౌలాలి, సంఘంవాళ్ల ఇల్లు ఒక్కటీ వదల్లేదు. నీళ్లు తాగడానికి వచ్చినట్టు వచ్చి, తాగి, లేచి, గడప దగ్గర ఆగేవాడు.

"నీకొక్కనికే చెప్తున్న. శనివారం మెదక్. ఏడింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు. ఆదివారం నేను సదివేదాక ఎవరికి చెప్పకు."

ఇలా ముప్పై రెండు ఇళ్లలో ఒక్కొక్కరికే చెప్పాడు. ముప్పై మూడో ఇంట్లో ఆయన గ్లాసు కింద పెట్టకముందే ఇంటాయన చెవి దగ్గరికొచ్చి, "నర్సన్నా, నీకొక్కనికే చెప్తున్న, శనివారం మెదక్ అట," అన్నాడు.

మల్లవ్వ ఇంటికి మాత్రం పోలేదు. ఆమెకు రహస్యం చెప్పాలంటే నాచారం మొత్తానికి చెప్పాలి.

ఇక మిగిలింది రూతు. ఆమె చెప్పుల దగ్గర ఉంటే పేరంతా ఆమెకే పోతుంది. ఆదివారం పొద్దున్నే నర్సయ్య అరకిలో మటన్ తెచ్చాడు.

"ఇయ్యాల ఆఖరి పాటకు ముందుగాలనే ఇంటికి పో. మటన్ పొయ్యి మీద పెట్టాలె."

"మటన్ ఉడికెటందుకు గంట సేపు సాలు. వచ్చినంక పెడత."

"ఇది గట్టి మటన్."

"మేక నీకేమన్న చెప్పిందా?"

"బిడ్డ కృప ఇంట్ల ఉన్నప్పుడు గిట్ల ఎదురు మాట్లాడకపోతుండె నువ్వు."

"కృప పెండ్లయి నాలుగేండ్లాయె. అది ఉన్నప్పుడు నీకు మిషను లేకుండె," అంది రూతు. అన్నది గానీ, ఆఖరి పాటకు ముందే లేచి ఇంటికి పోయింది.

నర్సయ్య మైకు దగ్గరికి నడుస్తుంటే భూషణం కాగితం వెనక్కి తీసుకుని ఏదో కొట్టేసి, రాసి, మళ్లీ చేతిలో పెట్టాడు.

"చిన్న మార్పండి. ఉప్పల్లో పోలీసులు బస్సు ఆపనివ్వరట. చూసి చదవండి."

"సూస్త అయ్యగారూ," అన్నాడు నర్సయ్య. ఆయన చూపు బిళ్ల మీద ఉంది. టేపు వదులైనట్టుంది.

చదివాడు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పోకుండా చదివాడు. శనివారం, పొద్దున ఆరు గంటలకు, నాచారం మందిరం ముందు. కళ్లు చూశాయి, నోరు పలికింది, చెవులు మాత్రం తన గొంతులోని గంభీరాన్ని తూకం వేసుకుంటూ ఉండిపోయాయి. ఉరుము సీలింగు దాకా పోయి కిందికి దిగింది. ఆ ఉరుములో ముప్పై మూడు ఇళ్లవాళ్లకూ ఏడు గంటలూ, ఉప్పల్ రింగ్ రోడ్డూ గంట కొట్టినంత స్పష్టంగా వినిపించాయి.

"అర్థమైనవాళ్లు చేతులెత్తండి," అన్నాడు భూషణం.

మందిరమంతా చేతులే. విజయ్ కుమార్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అందరూ ఎత్తాక తానొక్కడే ఎత్తకపోతే చెవుడు అనుకుంటారని తానూ ఎత్తి, తరువాత పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాడు. ఎత్తనిది మల్లవ్వ ఒక్కతే.

"నాకేం సమజ్ కాలే అయ్యగారూ," అంది. "ఉరిమినట్టు నేల అదిరింది. గొడుగన్న తెచ్చుకోకపోతి."

అందరూ నవ్వారు. మైకు నర్సయ్యదే అని భూషణం ప్రకటించాడు. అది కూడా నాలుగుసార్లు వినిపించింది.

గేటు బయట కనకరాజు దోసెల బండి. భీమవరం నుంచి వచ్చి పదేళ్లుగా మందిరం ఎదురుగానే దోసెలు పోస్తున్నాడు.

"నర్సయ్యగారూ, శనివారం ఆరింటికే అన్నమాట మీ బస్సు. నా బండి ముందే ఆగుతుంది కదండీ, ఇడ్లీలు ఇంకో రెండు వాయిలు వేస్తాను."

నర్సయ్య జాలిగా చూశాడు. "లోపట సౌండు బాక్సుల ముందట కూసొని నాలుగుసార్లు ఇన్నోళ్లం మేము. రోడ్డు మీద నిలబడి ఒక్కసారి ఇన్న నీకేం సమజైతది? ఏడింటికి. ఉప్పల్ కాడ."

"చదివింది మీరే కదండీ?"

"గదే గద చెప్తున్న, సదివింది నేనే అని."

కనకరాజు గరిటె కాడతో తల గోక్కున్నాడు.

ఇంట్లో మటన్ గుమగుమలాడుతోంది. రూతు కంచం పెడుతూ, "బస్సు మందిరం కాడికే మార్చిన్రు, మంచిగైంది. ఐదింటికి లేస్తె సరిపోతది," అంది.

"నీకెవరు చెప్పిన్రు?"

"నువ్వే. కిటికిలకెల్లి హారన్ల ఇన్న."

"అది ఉప్పల్. ఏడింటికి."

"కాయిదం జేబుల ఉన్నదిగద, తీసి సూడరాదు?"

"సదివినోనికి సూసే పనేంది?"

రూతు ఆయన ముఖంలోకి చూసింది. దవాఖానాలో గోలీ వేసుకోనని మొండికేసేవాళ్లను చూసే చూపది.

"సరె. నువ్వు ఉప్పల్ పో, నేను ఈడ ఎక్కుత. నీ డబ్బ నీకు, నా డబ్బ నాకు."

లోపల ఉన్నవాళ్లంతా తనలాగే విన్నారనీ, తేడా తన మొగుడి ఒక్కడిలోనే ఉందనీ ఆమె అనుకుంది. ఆ సాయంత్రం మల్లవ్వ కర్ర పట్టుకుని వచ్చి అడిగితే, ఆరింటికి, మందిరం ముందు అని చెప్పి, తిరిగి చెప్పించుకుని పంపింది.

శనివారం ఆరుంపావుకే నర్సయ్య ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆటో దిగాడు. ఆయన దిగేసరికే పాతికమంది ఉన్నారు. ఇంకా వస్తున్నారు. టిఫిను డబ్బాలు, నీళ్ల సీసాలు, కొత్త చీరలు. తన ప్రకటన విని ఇంతమంది కదిలి రావడం ఆరేళ్లలో ఇదే మొదలు. ఇది రూతు చూడాలి అనుకుని మెడ సాగదీసి నాచారం వైపు చూశాడు.

ఆరున్నరకు సెల్ ఫోను మోగింది. భూషణం.

"నర్సయ్యగారూ, ఎక్కడున్నారండీ అందరూ? బస్సులో నేనూ, మా ఆవిడా, రూతుగారూ, మల్లవ్వా ఉన్నాం. డ్రైవరు గొడవ చేస్తున్నాడు."

"మేమందరం ఈడనే ఉన్నం అయ్యగారూ. మీ బస్సే దారి తప్పింది."

నర్సయ్య చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న కాగితం విజయ్ కుమార్ కంట పడింది. అది ఆదివారం చొక్కాయే. చెయ్యి పెట్టి లాగి, జీవితంలో మొదటిసారి మెల్లగా చదివాడు.

"శనివారం. పొద్దున ఆరు గంటలకు. నాచారం మందిరం ముందు. ఉప్పల్ కాదు." ఉప్పల్ కాదు అన్న మాట కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. "అన్నా, సదివింది నువ్వే గద?"

నలభై మంది నర్సయ్య వైపు తిరిగారు.

"సదివిన," అన్నాడు నర్సయ్య. "ఇనలే."

దాని తరువాత ఎవరు ఎవరి మాట విన్నారో చెప్పడం కష్టం. సగం మంది ఆటోలెక్కి నాచారం పరుగెత్తారు. అదే సమయానికి భూషణం బస్సును ఉప్పల్‌కు తిప్పించాడు. ఆటోలూ బస్సూ హబ్సిగూడ సిగ్నలు దగ్గర ఎదురెదురు పడ్డాయి. ఆటోల్లోని వాళ్లు తమను ఎక్కించుకొమ్మని చేతులూపారు. టాటా చెబుతున్నారనుకుని మల్లవ్వ కూడా ఊపింది.

బస్సు ఉప్పల్ చేరేసరికి నర్సయ్య డివైడరు ఎక్కి, చేతులు దోనెలా నోటికి పెట్టి అరుస్తున్నాడు. ఎదురుగా మూడు సిటీ బస్సులు హారను కొడుతున్నాయి. ఒక్క హబ్సిగూడ వైపు వెళ్లే బస్సు మాత్రం తననే ఆపుతున్నాడనుకుని ఆగింది. మనవాళ్లలో ముగ్గురు అందులో ఎక్కేశారు.

రూతు బస్సు దిగింది. ముందు ఆ ముగ్గుర్నీ చెయ్యి పట్టుకుని దింపింది. తరువాత అందర్నీ బస్సు పక్కకు, రోడ్డు మోత తగలని వైపుకు తీసుకుపోయింది. చెయ్యెత్తి నిలబడింది. మాట్లాడలేదు. ఇరవై ముఖాలూ తన వైపు తిరిగేదాకా అలాగే నిలబడింది.

"బస్సు ఎక్కండి. దిగకండి. నాచారం పోయి మిగిలినోళ్లను ఎక్కించుకుందం." మొదటి వరసలో ఉన్న విజయ్ కుమార్‌ను చూసింది. "నేనేం చెప్పిన?"

"ఎక్కాలె, దిగొద్దు, నాచారం," అన్నాడు విజయ్ కుమార్.

ఆమె నర్సయ్య చేతిలోని ఫోను తీసుకుని బస్సులోకెక్కి, కిటికీ మూసి, నాచారం చేరినవాళ్లతో మాట్లాడింది. "మందిరం కాడనే ఉండుండ్రి. మేమే వస్తున్నం. ఏం చెప్పిన, చెప్పు? ఆఁ, గదే." ఫోను పెట్టేసింది. పావుగంటలో సంఘమంతా ఒకే బస్సులో ఉంది. ఆరేళ్లలో అదొక రికార్డు.

మెదక్ దాకా నర్సయ్యతో ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు తన డబ్బా ఉప్పల్ డివైడరు మీద మిగిలిపోయిందని ఆయనకు తెలిసింది. రూతు తన డబ్బా మూత తీసింది. అందులో ఇద్దరికి సరిపడా అన్నం, ఇద్దరికి సరిపడా కూర ఉన్నాయి.

"నీ డబ్బ నీకు, నా డబ్బ నాకు అన్నవు గద," అన్నాడు నర్సయ్య చిన్నగా.

"నువ్వు యాది పెట్టుకుంటవా ఏమన్న. తిను."

మరుసటి ఆదివారం మైకు దగ్గర రూతు నిలబడింది. ముందు ఎకో మిషను వైరు పీకింది. నర్సయ్య రెండు చేతులతో ఛాతీ పట్టుకున్నాడు. ఆమె జనం వైపు చూస్తూ ఊరుకుంది. చివరి వరసలో గుసగుసలు కూడా ఆగాక మొదలుపెట్టింది.

"ఇయ్యాల మూడే ముచ్చట్లు. ఒకటి, బుధవారం ప్రార్థన మల్లవ్వ ఇంట్ల, ఏడింటికి. రెండు, యువకుల కూడిక శుక్రవారం, గీ మందిరంలనే, ఆరింటికి. మూడు, నర్సయ్య ఎకో మిషను ఎవరికన్న కావాలంటె ఉత్తగనే ఇస్తం. సంచి మీరే తెచ్చుకోవాలె."

నర్సయ్య లేచి నిలబడ్డాడు. మందిరంలో ప్రకటన అనేది ఒక్కసారి విని అర్థం చేసుకోవడం ఆయనకు అదే మొదలు.

"కృప నాయినా, లేచినవు గద, చెప్పు," అంది రూతు. "మూడోది నేనేం చెప్పిన?"

సంఘమంతా వెనక్కి తిరిగింది. భూషణం కూడా చేతులు కట్టుకుని ఎదురు చూశాడు. మల్లవ్వ చెవికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మిషను... ఉత్తగనే ఇస్తం," అన్నాడు నర్సయ్య. మైకు లేదు, ఎకో లేదు, గొంతు కూడా సగమే ఉంది. "సంచి మీరే తెచ్చుకోవాలె."

"అర్థమైనవాళ్లు చేతులెత్తండి," అన్నాడు భూషణం.

అన్ని చేతులూ లేచాయి. ఈసారి మల్లవ్వవి రెండూ లేచాయి.

ఇంటికి పోయి మిషనును మంచం కింద దాచేస్తే ఎవరూ అడగరని నర్సయ్య అందరికన్నా ముందు దాన్ని చంకన పెట్టుకుని గేటు దాటాడు. అక్కడ కనకరాజు బండి వదిలేసి నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి.

"హారన్లో విన్నానండి. ఎంత బాగా చెప్పారో మీ ఆవిడగారు," అని మిషను అందుకున్నాడు.

"దోసెల బండి మీద నీకిదెందుకయ్యా?"

"చట్నీ అయిపోయిందని ఒక్కొక్కరికీ నాలుగుసార్లు చెప్పాల్సొస్తోందండి," అన్నాడు కనకరాజు, పెట్టెను జాగ్రత్తగా సంచిలోకి దింపుతూ. "ఇక ఒక్కసారి చెప్తే చాలు."